రెడ్డి, రావు, ఇనిషియళ్లు: పటాన్‌చెరు పరిశోధన పత్రాల్లో రచయితల గుర్తింపు

1978లో ‘క్రాప్ సైన్స్’ పత్రికలో కంది పైరులో పురుష వంధ్యత మీద ఒక పత్రం వెలువడింది. రచయితలు రెడ్డి, గ్రీన్, బిసెన్. మరుసటి ఏడాది కంది గింజల్లోని మాంసకృత్తుల మీద, కందికి చుట్టమైన అటైలోసియా అడవి జాతుల మీద ఇంకో పత్రం వచ్చింది. అందులోనూ మొదటి పేరు రెడ్డి, రెండో పేరు గ్రీన్. వరసలో బిసెన్ కూడా ఉన్నారు. పైరు ఒకటే, సంస్థ ఒకటే, తోటి రచయితలూ వాళ్లే. ఉపయుక్త గ్రంథసూచిలో ‘రెడ్డి తదితరులు, 1978’, ‘రెడ్డి తదితరులు, 1979’ అని చూసిన పాఠకుడు ఇదంతా ఒకే శాస్త్రవేత్త పని అనుకుంటే అతణ్ని తప్పుపట్టలేం. మొదటి పత్రం బి.వి.ఎస్. రెడ్డిది. రెండోది ఎల్.జె. రెడ్డిది.

ఈ ఇద్దరూ పనిచేసింది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో. 1972లో ఏర్పడిన ఆ సంస్థ పత్రాల్లో ఇదే చివరి పేరుతో వైరస్ శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి, తెగుళ్ల శాస్త్రవేత్త ఎం.వి. రెడ్డి, వేరుశనగ వైరస్‌ల మీద డి.వి.ఆర్. రెడ్డి పక్కనే పేరు కనిపించే ఎ.ఎస్. రెడ్డి, జన్యు నిధిలో పనిచేసిన కె.ఎన్. రెడ్డి, వి. గోపాల్ రెడ్డి ఉన్నారు. పక్కపక్క గదుల్లో కూర్చున్నంతకాలం ఎవరు ఎవరో అందరికీ తెలుసు. కాగితం ఆ ప్రాంగణం దాటి సూచికల్లోకి వెళ్లాకే చిక్కు మొదలవుతుంది.

చిక్కుకు మూలం తెలుగు పేరు నిర్మాణంలో ఉంది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత, ఉంటే రెడ్డి, రావు వంటి మాట చివర వస్తాయి. కుటుంబాన్ని గుర్తుపట్టించేది మొదటి మాట. చివరి మాట కులాన్నో గౌరవాన్నో చెబుతుంది. రావు అయితే అనేక కులాల్లో ఉంది. పాశ్చాత్య సూచికలు చివరి మాటే ఇంటిపేరు అనుకుని దాన్ని ముందు పెట్టి, తక్కిన పేరంతా ఇనిషియళ్లకు కుదించాయి. 1964లో మొదలైన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దశాబ్దాల పాటు చివరి పేరునూ ఇనిషియళ్లనూ మాత్రమే నమోదు చేసింది. వైద్య పత్రాల సూచిక మెడ్‌లైన్‌లో రచయితల పూర్తి పేర్లు 2002 నుంచి వచ్చే పత్రాలకే చేరాయి. లక్షల మందికి ఉమ్మడిగా ఉన్న మాట తలమాట అయింది, వేరుచేయగల ఇంటిపేరు ఒక అక్షరంగా మిగిలింది. ఇది యాదృచ్ఛిక లోపం కాదు, నియమం చేసిన నష్టం అని నా అభిప్రాయం.

ఇదే నేల మీద ఇంకో రకం రికార్డు ఉంది. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం పరిసరాల్లో పరిశ్రమలకు పోయిన భూముల చరిత్ర వెతికేవాళ్లు 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు దాకా వెళ్తారు. ఊళ్లో నలుగురు మల్లయ్యలుంటారని పట్వారీకి తెలుసు. అందుకే పేరు పక్కన ‘వల్ద్’ అని తండ్రి పేరు, దానికి సర్వే నంబరు. మల్లయ్య వల్ద్ రాజయ్య వేరు, మల్లయ్య వల్ద్ ఎల్లయ్య వేరు. గ్రామ రికార్డుకు ఉన్న ఈ జాగ్రత్త ప్రపంచస్థాయి శాస్త్ర సూచికలకు లేకపోవడం గమనించదగ్గది.

మరి పాత పత్రాల్లో మనిషిని ఎలా పోల్చుకోవాలి? సాధారణంగా చెప్పే ఆనవాళ్లు మూడు: పైరు లేదా విషయం, తోటి రచయితలు, చిరునామా. తోటి రచయితల ఆనవాలు ఎలా దెబ్బతింటుందో పైన చూశాం. విషయం సంగతి కంది వెర్రితెగులు చరిత్రలో తెలుస్తుంది. బిహార్‌లోని పూసాలో 1931లో నమోదైన ఈ తెగులు సోకితే మొక్క గుబురుగా పెరుగుతుంది గాని పూతా కాతా ఉండవు. దాన్ని మోసే నల్లి కంటికి ఆనదు. తట్టుకునే రకాలను ఏరడానికి 1976లో నెనె, రెడ్డి ఒక పద్ధతి ప్రకటించారు: తెగులు సోకిన ఆకును ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకుకు స్టేప్లర్‌తో కుట్టడం. నల్లులు ఆ ఆకు మీంచి ఈ ఆకు మీదికి చేరతాయి. ఖర్చు దాదాపు లేదు, వరసలకు వరసలు పరీక్షించవచ్చు. ఇంతచేసినా అసలు కారకం ఏమిటో తేలలేదు. 2000లో కుమార్, జోన్స్, శ్రీనివాసులు, రెడ్డి అది వైరస్ అని గుర్తించినట్టు ప్రకటించారు. సంస్థ అదే, తెగులు అదే, రెండు మలుపుల్లోనూ పేరు రెడ్డే. స్టేప్లర్ పద్ధతి ఎం.వి. రెడ్డిది, వైరస్ గుర్తింపు డి.వి.ఆర్. రెడ్డిది. తెగులును పొలంలో ఓడించే దారి చూపింది ఒకరు, డెబ్భై ఏళ్ల ప్రశ్నకు జవాబు చెప్పిన బృందంలో ఉన్నది మరొకరు. ఈ రెండు పనులనూ ఒకరి ఖాతాలో వేస్తే ఇద్దరికీ అన్యాయం, తెగులు చరిత్రకూ అన్యాయమే.

విషయం మీదే ఆధారపడితే దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. కందిలో పురుష వంధ్యత మీద రాసిన బి.వి.ఎస్. రెడ్డి ఆ తరవాత జొన్న ప్రజననంలోకి వెళ్లి, పేరును బెలుం వి.ఎస్. రెడ్డి అని రాశారు. పైరును బట్టి గుంపులు కట్టే యంత్రం కంది రెడ్డిని ఒకరిగా, జొన్న రెడ్డిని మరొకరిగా విడగొట్టే ప్రమాదం ఉంది. 1978 నాటి పురుష వంధ్యత పత్రంతో మొదలైన దారి 1991లో విడుదలైన ఐసీపీహెచ్ 8 అనే కంది హైబ్రిడ్ దాకా సాగింది. మనిషిని రెండుగా చీలిస్తే ఆ దారి మొదలు ఎవరిదో మరుగునపడుతుంది.

వలస వెళ్లినవాళ్ల విషయంలో చీలిక మరీ లోతు. వేరుశనగ పైరు నీటి ఎద్దడిని ఎలా తట్టుకుంటుందో ఇక్రిశాట్‌లో పరిశోధించిన ఆర్.సి. నాగేశ్వరరావు తరవాత ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పనిచేశారు. అక్కడి పత్రాల్లో ఆయన రాచపూటి అయ్యారు. ఇక్కడ ‘ఆర్’ అనే అక్షరంలో ఒదిగిన ఇంటిపేరు అక్కడ నిండుగా బయటికొచ్చి చివర నిలిచింది. ఒకే మనిషి కొన్ని సూచికల్లో ‘రావు, ఆర్.సి.ఎన్.’, కొన్నిటిలో ‘నాగేశ్వరరావు, ఆర్.సి.’, ఇంకొన్నిటిలో ‘రాచపూటి’. అక్షరక్రమంలో ఎక్కడెక్కడో ఉన్న ఈ మూడింటినీ కలపగలిగేది ‘ఆర్ అంటే రాచపూటి’ అన్న ఒక్క సమాచారమే. తెలుగు తెలిసిన పరిశోధకుడికి ఆ ఊహ వెంటనే తడుతుంది, యంత్రానికి తట్టదు.

మూడో ఆనవాలైన చిరునామా కాలాన్ని పట్టిస్తుంది. 1970లలో సంస్థ కాగితాల మీద హైదరాబాదు బేగంపేట ఉంటుంది, తరవాత పటాన్‌చెరు 502 324, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. జిల్లా పేరు మెదక్ పోయి సంగారెడ్డి అయింది 2016 అక్టోబరు 11న. దీంతో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. పాఠమంతా గాలించే యంత్రాల్లో రెడ్డి అని వెతికితే సంగారెడ్డి అనే ఊరు కూడా ఫలితాల్లోకి రావచ్చు. కంది గ్రామంలో ఐఐటీ హైదరాబాద్ కూడా ఉన్న జిల్లాకు ఇది పట్టించుకోవలసిన సంగతే.

ఇక్రిశాట్ జన్యు నిధిలో లక్షా ఇరవై వేలకు పైగా విత్తన నమూనాలున్నాయి. ప్రతి నమూనాకూ ఒక సంఖ్య ఉంది: కందికి ఐసీపీ, శనగకు ఐసీసీ, వేరుశనగకు ఐసీజీ, జొన్నకు ఐఎస్. ఏ ఊళ్లో సేకరించారు, అక్కడి రైతులు ఏ పేరుతో పిలిచారు వంటి వివరాలు దానికి తోడుంటాయి. వాటిని పాస్‌పోర్టు సమాచారం అంటారు. రెండు ఊళ్లలో ఒకే పేరుతో పండే రెండు కందులు ఇక్కడ ఎన్నటికీ ఒకటైపోవు. ఆ గింజను సేకరించి, నాటి, కొలిచి, పత్రం రాసిన మనిషికి మాత్రం అలాంటి సంఖ్య చాలాకాలం లేదు. 2012 అక్టోబరులో మొదలైన ఆర్కిడ్ పరిశోధకులకు ఇచ్చే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య. దాన్ని రచయిత స్వయంగా తీసుకోవాలి. 1970ల నుంచి 1990ల వరకు రాసి మరణించినవారికి అది అందదు, విరమణ చేసినవారికీ తామే తీసుకుంటే తప్ప ఉండదు.

అందుకే పటాన్‌చెరు పత్రాలకు ఒక రచయితల పట్టిక తయారుచేయాలి. ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు పూర్తిగా, ముద్రణలో కనిపించిన రూపాలన్నీ, పనిచేసిన పైర్లు, సంవత్సరాలు అందులో ఉండాలి. గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులు వార్షిక నివేదికల్లోని సిబ్బంది జాబితాలతో పోల్చి ఈ పని చేయగలరు. ఇప్పుడు రాస్తున్న యువ పరిశోధకులు మొదటి పత్రం నుంచే ఇంటిపేరును అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాయాలి. ఆనాటి ప్రయోగశాలల్లో పనిచేసి, ఏ ఇనిషియల్ వెనుక ఏ ఇంటిపేరుందో చెప్పగలిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. పట్టిక పని వాళ్లను అడగడంతో మొదలుపెట్టాలి.