మెట్రిక్యులేషను తరగతిలో గోల్డుస్మిత్తు

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యమునకు ప్రత్యేకశాఖ 1894లోగాని నెలకొనలేదు. కేంబ్రిడ్జిలో దానికి వేరుగా పట్టపరీక్ష 1917లోగాని ఏర్పడలేదు. స్వదేశమున గ్రీకు, లాటిను భాషల ప్రాభవము చాటున ఆ సాహిత్యమిట్లు అణగియున్న కాలముననే, 1857లో స్థాపితమైన మదరాసు విశ్వవిద్యాలయము జరుపు మెట్రిక్యులేషను పరీక్షకై, రాజమహేంద్రవరమునను, విజయనగరమునను ఉన్నత పాఠశాలల పైతరగతులలోని తెలుగు బాలురు ఆంగ్లమును నిర్బంధముగా అభ్యసించుచుండిరి. పరీక్ష గట్టెక్కినచో కచ్చేరీలో గుమాస్తా పని దొరకును. ఆపై రెండేండ్లు చదివి ఎఫ్.ఏ. అనిపించుకొన్నచో ఇంకను మేలైన కొలువు. తల్లిదండ్రులు కోరినది అంతియే.

ఆ చదువును నేడు పలువురు వట్టి బట్టీయమని తోసిపుచ్చుదురు. బట్టీయము లేకపోలేదు. అయినను, రఘువంశమును మల్లినాథుని వ్యాఖ్యతో పదము పదము విడదీసి, అన్వయము కుదుర్చుకొని, తాత్పర్యము చెప్పుకొనిన యింటనుండి వచ్చిన బాలునకు ఆ పద్ధతి క్రొత్తది కాదు. ముందు దీర్ఘమైన పీఠిక, నడుమ మూలము, వెనుక మూలముకంటె బరువైన వ్యాఖ్య: మాక్మిలన్ వారు భారతీయ విద్యార్థులకై అచ్చువేసిన ఆంగ్లగ్రంథముల స్వరూపమిది. ఆగ్రా కళాశాల ప్రధానాచార్యుడుగా నుండిన డెయిటను షేక్స్‌పియరు నాటకములకు వ్రాసిన వ్యాఖ్యలు ఆ కోవలోనివే. ఈ వాక్యమును ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరని పరీక్షకుడడుగును. పేజీ పేజీకి ఆగి చదివినవాడే చెప్పగలడు. ఆ ఆగుటయే మన సాహిత్యమునకు మేలుచేసినదని నా దృఢవిశ్వాసము.

మెట్రిక్యులేషనుకు మించి కళాశాల చదువు లేక, కోరంగిలోను ధవళేశ్వరములోను బడిపంతులుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగముగారి ఉదాహరణమే చాలును. గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన 'వికారాఫ్ వేక్‌ఫీల్డు'లో, పురోహితుని కుమారుడు మోజెసు సంతకు పోయి, గుఱ్ఱమునమ్మి, ఆ సొమ్ముతో పన్నెండు డజన్ల పచ్చకళ్ళజోళ్ళు కొని, గొప్ప బేరము చేసితినని ఇంటికి వచ్చును. వెండియనుకొన్న చట్రములు వట్టి రాగివని తేలును. ఆ పురోహితుని జీవనము, ఆ దేశపు సంతలు, చర్చిగ్రామపు మర్యాదలు గోదావరితీరపు పాఠకునికెట్లు పట్టువడును? అందుచేత వీరేశలింగముగారు భాషాంతరీకరణమునకు పూనుకొనక, ఆ కుటుంబమువంటి కుటుంబమును ధవళగిరిలో నిలిపి, సంపన్నుడైన రాజశేఖరుని చుట్టును ముఖస్తుతిపరులను చేర్చి, బంగారము చేసెదనని నమ్మించి యింటిసొమ్ము నపహరించు యోగిని ప్రవేశపెట్టిరి. 1878లో 'వివేకవర్ధని'యందు వెలువడనారంభించి 1880లో గ్రంథమైన 'రాజశేఖర చరిత్రము' ఇట్లు పుట్టినది. కథలోని మోసము ఆంగ్లేయునిదే యనిపించును గాని, మోసపోవు తీరు మాత్రము అచ్చముగా మనది: రసవాదమునందును శకునములందును మనవారికున్న నమ్మకమే అందు వంచకునికి పెట్టుబడి. ఇది అనుకరణమని చులకన చేయువారు ఆ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివియుండరు.

గోల్డుస్మిత్తు పిమ్మట కూడ మనలను విడువలేదు. రాయప్రోలు సుబ్బారావుగారి 1909 నాటి 'లలిత' ఆయన 'హెర్మిట్' కావ్యమునుండి వచ్చినదే.

విజయనగరమున ఎఫ్.ఏ. విద్యార్థిగా నుండగనే గురజాడ అప్పారావుగారు 1883లో 'సారంగధర'ను ఆంగ్లకావ్యముగా రచించిరి. పరభాషా ఛందస్సులో మన కథను నడపుట ఆ వయస్సున సామాన్యకార్యము కాదు. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడుపుచుండిన శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యమును మెచ్చి పునర్ముద్రించియు, మాతృభాషలో వ్రాయుమని ఆ యువకునికి హితవు చెప్పెను. ఆ హితవు 'కన్యాశుల్కము'నకును 'ముత్యాల సరాల'కును దారితీసినదో, కవి స్వయముగనే ఆ దారి పట్టెనో నిర్ణయింపజాలను గాని, తన్ను పరీక్షించిన విశ్వవిద్యాలయమునకు ఆయన తుదకు సభ్యుడై, ఇంటర్మీడియటు విద్యార్థుల తెలుగు వ్యాసరచనలో వాడుకభాషకు స్థానముండవలెనని 1914లో సుదీర్ఘమైన అసమ్మతిపత్రమును ఆంగ్లమున సమర్పించెను. విశ్వవిద్యాలయము నాడు గ్రాంథిక పక్షమునే అవలంబించెను. మరునటి యేడు నవంబరులో అప్పారావుగారు కాలధర్మము నొందిరి.