పాద ప్రక్షాళనం: క్రైస్తవంలో ఒక సేవాచార చరిత్ర

పాద ప్రక్షాళనం అంటే ఒకరి కాళ్లు మరొకరు నీళ్లతో కడిగి తువాలుతో తుడవడం. క్రైస్తవంలో దీనికి ఆధారం యోహాను సువార్త 13వ అధ్యాయం. కడరాత్రి భోజనం మధ్యలో యేసు లేచి, పైవస్త్రం తీసి, నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. మన పెళ్లిళ్లలో కన్యాదాత వరుడి కాళ్లు కడుగుతాడు, గౌరవం కిందినుంచి పైకి పోతుంది. అప్పటి యూదయలోనూ అతిథికి కాళ్లకు నీళ్లివ్వడం మర్యాదే గానీ, వంగి కడగడం దాసుల పని. గురువే ఆ పనికి దిగేసరికి శిష్యుడు పేతురు ససేమిరా అన్నాడు. ఆ రోజు కడిగించుకున్నవాళ్లలో గురువును పట్టివ్వబోయే యూదా కూడా ఉన్నాడు. అందుకే ఈ ఆచారాన్ని తూచేటప్పుడు కడిగినవారి గొప్పతనం కంటే ముందు, ఎవరి కాళ్లు కడిగారో చూడాలి. దాని చరిత్ర కూడా ఆ కొలతకే నిలబడుతుంది.

తొలినాళ్లలో ఇది పూజావిధి కంటే ఇంటిపనికే దగ్గర. సంఘం లెక్కలో చేర్చుకోదగిన విధవరాలు ఎవరో చెబుతూ, తిమోతికి రాసిన మొదటి లేఖ పిల్లల పెంపకం, అతిథి సత్కారం, ఆపన్నులకు సాయంతోపాటు పరిశుద్ధుల పాదాలు కడగడాన్నీ చేర్చింది. నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ అంబ్రోసు కొత్తగా బాప్తిస్మం పొందినవారి పాదాలు కడిగే పద్ధతిని సమర్థించాడు. రోములో ఆ వాడుక లేదని ఆయనే చెప్పాడు. ఆరో శతాబ్దపు బెనెడిక్టు మఠ నియమావళి మరీ వివరంగా ఉంటుంది. వారంపాటు వంట వంతు చేసిన సన్యాసి శనివారం నాడు అందరూ చేతులు, కాళ్లు తుడుచుకున్న తువాళ్లు ఉతకాలి. మరుసటి వారం వంతువాడితో కలిసి అందరి పాదాలు కడగాలి. గిన్నెలు శుభ్రంగా, చెక్కుచెదరకుండా అప్పజెప్పాలి. అతిథుల్లో పేదలను, బాటసారులను ప్రత్యేక శ్రద్ధతో చూడమనీ ఆ నియమం చెబుతుంది. ధనికులకు గౌరవం ఎలాగూ దక్కుతుందన్నది అది చూపిన కారణం.

రాజాస్థానాలకు చేరాక ఆచారం రూపం మారింది. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి, ఆ కడరాత్రి భోజనాన్ని స్మరించే పవిత్ర గురువారం నాడు పేద స్త్రీల పాదాలు కడిగేది. అయితే పరిచారకులు ముందే సువాసన నీళ్లతో వాటిని శుభ్రం చేసేవారు. రాణి దాకా మురికి వచ్చేది కాదు. 18వ శతాబ్దంలో కడగడం కూడా ఆగిపోయి దానం మాత్రం మిగిలింది. ఇప్పటికీ అక్కడి రాజు తన వయసెంతో అంతమంది పురుషులకూ, అంతమంది స్త్రీలకూ ప్రత్యేక నాణేలు పంచుతాడు. కతోలికులు ఏడాదికోసారి పాదాలు కడిగే నాటకమాడి, ఆపై తోటివారిని చిన్నచూపు చూస్తున్నారని 16వ శతాబ్దంలోనే ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ మండిపడ్డాడు. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ దానికి ఆచారాన్ని వదిలేయడమొక్కటే మందు కాదు. రాజ్యాధికారానికి దూరంగా బతికిన మెన్నోనైటు క్రైస్తవులు 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలో దానికి ఒక అధికరణమే కేటాయించారు. ఒకరి కాళ్లు ఒకరు కడుక్కునేచోట శాశ్వతంగా పైన కూర్చునేవారు ఉండరు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. తెలుగు క్రైస్తవుల్లో పెద్ద భాగం మాల, మాదిగ కుటుంబాలనుంచి వచ్చినవారు. తరాలుగా ఊరికి ఊడిగం చేసినవారికి ఇంకా వినయం బోధించడం అన్యాయం కాదా? నిజంగా అన్యాయమే, ఆ బోధ వారినుద్దేశించినదైతే. కానీ సువార్తలో తువాలు కట్టుకున్నది అధికారం ఉన్నవాడు. తాను ప్రభువునూ బోధకుణ్ణీ అయి ఉండి కడిగానన్న మాట చెప్పాకే, మీరూ అలా చేయండన్నాడు. ఆజ్ఞ ముందుగా తగిలేది పీఠం ఉన్నవారికే. అణగదొక్కబడినవారిని ఇంకా వంగమనడానికి ఆ అధ్యాయాన్ని వాడటం దాన్ని తలకిందులు చేయడమే.

కతోలిక సంఘంలో 1955 నాటి సంస్కరణ ఈ విధిని పవిత్ర గురువారం సాయంత్రపు పూజలోకి తెచ్చింది, అయితే అప్పట్లో కడిగించుకునేది పురుషులే. 2013 మార్చి 28న పోప్ ఫ్రాన్సిస్ రోములోని కాసల్ దెల్ మార్మో బాలనేరస్థుల కారాగారానికి వెళ్లి పన్నెండు మంది పాదాలు కడిగాడు. వారిలో అమ్మాయిలూ, ముస్లింలూ ఉన్నారు. 2016 జనవరిలో వెలువడిన ఆదేశం స్త్రీలకు అధికారికంగా చోటిచ్చింది. చిన్నా పెద్దా, ఆరోగ్యవంతులూ రోగులూ అందరూ ఉండవచ్చంది. ఇక ఎవరిని పిలవాలన్నది ప్రతి విచారణ (పారిష్) గురువు చేతిలో ఉంది. మన విచారణల్లో ఆ పీటలమీద పెద్దమనుషులకంటే ముందు పారిశుద్ధ్య కార్మికులనూ, కుష్ఠు ఆశ్రమవాసులనూ కూర్చోబెట్టాలి.