ర్యాప్ గొంతు, తెలుగు మాట: బాబా సెహగల్ ప్రస్థానం

తెలుగులో ర్యాప్ అనగానే మా తరానికి ముందుగా గుర్తుకు వచ్చేది 1994 నాటి 'ప్రేమికుడు'లోని పేట ర్యాప్. అది తమిళ 'కాదలన్' నుంచి ఎ.ఆర్. రెహమాన్ బాణీతో సహా దిగుమతి అయిన పాట. అయితే ర్యాప్‌నే వృత్తిగా స్వీకరించి, సొంత ఆల్బమ్‌లతో పేరు తెచ్చుకొని, అటు తరువాత తెలుగు పాట పాడిన బాబా సెహగల్ ప్రస్థానం మరొక ప్రశ్నను మన ముందుంచుతుంది. ర్యాప్‌లో మాట ఎవరిది?

సెహగల్ అసలు పేరు హర్జీత్ సింగ్ సెహగల్. 1965లో లక్నోలో జన్మించారు. 'దిల్‌రుబా', 'అలీబాబా' ఆల్బమ్‌ల తరువాత 1992లో మాగ్నసౌండ్ సంస్థ వెలువరించిన 'ఠండా ఠండా పానీ' ఆయనకు దేశవ్యాప్త ప్రసిద్ధిని తెచ్చింది. దానికి ప్రేరణ వనిల్లా ఐస్ పాడిన 'ఐస్ ఐస్ బేబీ' (1990). ఆ పాటకు ఆధారం క్వీన్ బృందం, డేవిడ్ బౌయీ కలిసి 1981లో చేసిన 'అండర్ ప్రెషర్'. దీనిని కేవలం అనుకరణ అని కొట్టివేయడం సరికాదు. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో హిప్‌హాప్ రూపుదిద్దుకున్నప్పటి నుంచి పాత రికార్డులోని వాద్య ఖండికను తీసుకొని వాడుకోవడం ఆ కళకు ప్రాణం. బాణీ ఎరువు కావచ్చు, మాట మాత్రం పలికేవాడిదే కావాలి. 1979లో 'ర్యాపర్స్ డిలైట్'లో ఒక గాయకుడు గ్రాండ్‌మాస్టర్ కాజ్ చరణాలను పాడాడన్న ఫిర్యాదు నేటికీ మాసిపోలేదంటే ఈ నియమం ఎంత బలమైనదో తెలుస్తుంది.

మన సినిమా పాటకు ఈ నియమం పట్టదు. ఇక్కడ కవి వేరు, గాయకుడు వేరు. 'జల్సా' (2008)లో దేవిశ్రీ ప్రసాద్ సంగీతంలో రీటాతో కలిసి టైటిల్ పాట పాడిన సెహగల్, 'గబ్బర్ సింగ్' (2012)లో నవీన్ మాధవ్‌తో కలిసి 'దేఖో దేఖో గబ్బర్ సింగ్' పాడారు. రెండవదాని రచన రామజోగయ్య శాస్త్రిది. హిందీలో తన పేరుతో తన మాట వినిపించిన ర్యాపర్ తెలుగులో నేపథ్య గాయకుడయ్యారు. గొంతు వచ్చింది, కర్తృత్వం రాలేదు. ఇది ఆయన లోపం కాదు, మన పరిశ్రమలోని పని విభజన ఫలితం.

ఛందస్సు దృష్టితో చూస్తే మరొక చిక్కు కనిపిస్తుంది. ర్యాప్‌లో దెబ్బ తరచుగా పాదాంతంలో పడుతుంది. హిందీలో హలంత పదాలు ఎక్కువ కనుక ప్రాస ఠక్కున ఆగుతుంది. తెలుగు అజంత భాష, చివరి అచ్చు దెబ్బ తరువాత కూడా మిగిలి ఉంటుంది. పై రెండు పాటల ఆకర్షణ పదాలు 'జల్సా', 'దేఖో', 'సింగ్' మూడూ తెలుగేతరాలు కావడం యాదృచ్ఛికమని నేననుకోను. తెలుగు ర్యాప్‌కు ఒదగదనే నిర్ణయం ఇందులో చెప్పకుండానే ఉంది. దానితో ఏకీభవించలేను. అంత్యప్రాస, చతురస్ర గతి మనకు కొత్తవి కావు. శ్రీశ్రీ మాత్రాఛందస్సును పాఠంగా చెబుతూనే ర్యాప్ మనది కాదనడం విడ్డూరం.

నంద్యాలలో డిగ్రీ తరగతికి మాత్రాగణాలు బోధిస్తూ ఒకసారి ఈ పాటలను వినిపించి గణవిభజన చేయమన్నాను. సగం మంది చేతివేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు లెక్క వదిలేసి, మరునాడు తానే రాసుకొచ్చిన పన్నెండు పాదాలు చదివాడు. బస్సు ఆలస్యం మీద, అటెండెన్సు మీద. పాదాల చివర 'వస్తాండా', 'పోతాండా', 'చూస్తాండా' అన్న సీమ క్రియారూపాలు. బల్ల మీద స్నేహితుడు వేస్తున్న దెబ్బ సరిగ్గా 'తాం' మీద పడింది, చివరి 'డా' దాని వెనుక సాగింది. అచ్చు ఎక్కడా అడ్డు కాలేదు. చదివినవాడే రాసినవాడు. ఆ కాగితం ఇమ్మని అడిగితే, 'కాగితంలో ఏముంది సార్, మళ్లీ చెప్తా వినండి' అన్నాడు.