నమూనా ముక్క నుంచి వాట్సాప్ ఫోటో దాకా: బొమ్మ కుదింపుపై ఒక సింహావలోకనం

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, కడోదరాకు చేరువన ఉన్న జోల్వా బట్టల మిల్లుల ఊరు. ఆ చుట్టుపక్కల తయారైన పాలియెస్టర్ చీరలు సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్ల మీదుగా మన వరంగల్, విజయవాడ, రాజమండ్రి దుకాణాలకు చేరతాయి. మూట లారీ ఎక్కడానికి చాలా ముందే చీర ఫోటో వాట్సాప్‌లో వచ్చేస్తుంది. దుకాణదారు దాన్ని చూసే ఎన్ని సెట్లు కావాలో చెబుతాడు. గుడ్డ కన్నా ముందు గుడ్డ బొమ్మ ప్రయాణిస్తున్నదన్నమాట. ఆ బొమ్మ దారిలో చిక్కిపోతుంది. ఎంత చిక్కాలో, అందులో ఏది పోవాలో నిర్ణయిస్తున్నదెవరు? నాలుగు శతాబ్దాల ఈ కథను వెనక్కి తిరిగి చూస్తే తేలవలసింది ఈ ప్రశ్నే.

ఓడల్లో నమూనాలు, కార్డుల్లో బొమ్మలు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, కొద్దికాలానికే సూరత్‌లోనూ వర్తక స్థావరాలు పెట్టుకుంది. ఎలాంటి బట్ట కావాలో లండన్ చెప్పాలన్నా, ఇక్కడ ఏం దొరుకుతుందో అక్కడ తెలియాలన్నా ‘మస్టర్’ అనే నమూనా ముక్కను ఓడలో పంపేవారు. నెలలు పట్టేది. అయితే చేరేది అసలు గుడ్డే. రంగు, నేత, బరువు చేతికి తెలిసేవి.

గుడ్డ మీది బొమ్మను సమాచారంగా మార్చింది ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్. 1804లో ఆయన మగ్గానికి రంధ్రాల కార్డులు అమర్చి, ఏ వరుసలో ఏ పడుగు పోగు లేవాలో వాటితో చెప్పించాడు. 1839లో లియాన్‌లో ఆయన చిత్తరువునే పట్టులో నేస్తే 24,000 కార్డులు పట్టాయి. ఒక్కో కార్డులో వెయ్యికి పైగా రంధ్రాలకు చోటుంది. రంధ్రం ఉండటం, లేకపోవటం ఒక బిట్ అనుకుంటే ఆ బొమ్మ సుమారు 3 ఎంబీలు. నేటి ఫోను తీసే ఒక ఫోటో సైజు దాదాపు అదే. నేతగాడు అందులో ఒక్క రంధ్రాన్నీ వదులుకోలేదు, వదులుకుంటే నేత తప్పుతుంది కనుక.

బొమ్మను తీగ మీద పంపాలనుకున్నప్పుడు వదులుకోక తప్పలేదు. 1920ల తొలినాళ్లలో వచ్చిన బార్ట్‌లేన్ పద్ధతి లండన్, న్యూయార్క్ పత్రికల మధ్య ఫోటోలను సముద్రగర్భ కేబుల్ మీద పంపింది. వారానికి పైగా పట్టే పని మూడు గంటలలోపే ముగిసింది. బదులుగా నలుపు తెలుపుల మధ్య ఛాయలు మొదట ఐదే మిగిలాయి. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన పసిబిడ్డ ఫోటోను తొలిసారి కంప్యూటర్‌కు ఎక్కించాడు. అది 176 చుక్కల వెడల్పు, 176 చుక్కల ఎత్తు మాత్రమే.

ఒక కమిశెట్టి, ఒక అహ్మద్

ఏమీ పోగొట్టకుండా సైజు తగ్గించే ఉపాయాన్ని 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రకటించాడు. తరచుగా వచ్చే విలువకు చిన్న సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడవైన సంకేతం ఇవ్వడం ఆ పద్ధతి. ఫోటోలకు అదొక్కటే సరిపోలేదు. అసలు మలుపు తిప్పినవారు మన దేశంలో పుట్టినవారు కావడం మనం గట్టిగా చెప్పుకోవలసిన విషయం. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో ఒక కొత్త గణిత పద్ధతి మీద పరిశోధనకు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే దొరకలేదు. ఆయన పని ఆపలేదు. టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ పత్రాన్ని ప్రచురించారు. ఆ రావుగారి పూర్తి పేరు కమిశెట్టి రామమోహన్ రావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పట్టా పొంది, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, 2021లో కన్నుమూశారు. చీర ఫోటో మనకు చేరిన ప్రతిసారీ దాని వెనుక ఈ తెలుగు ఇంటిపేరు ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

వారి పద్ధతిని వాడేటప్పుడు ఫోటోను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గడులుగా విడగొడతారు. ఒక్కో గడిలోని 64 చుక్కలను 64 మూల నమూనాల మిశ్రమంగా రాస్తారు. కొన్ని నమూనాలు మెల్లగా మారే వెలుగును, మిగిలినవి సన్నని గీతలను పట్టుకుంటాయి. కంటికి సన్నని మార్పులు తక్కువగా ఆనుతాయి కనుక వాటి విలువలను మోటుగా గుండ్రం చేస్తారు. చాలావరకు సున్నాలవుతాయి. మిగిలినదాన్ని హఫ్‌మన్ సంకేతాల్లో రాస్తారు. 1986లో ఏర్పడిన నిపుణుల బృందం ఈ మెట్లన్నిటినీ కూర్చి 1992లో ప్రమాణంగా వెలువరించింది. అదే జేపెగ్.

జేబులోకి దిగిన పరిమితి

1997లో ఫిలిప్ కాన్ అప్పుడే పుట్టిన తన పాప ఫోటోను మొబైల్ ద్వారా పంచుకున్నాడు. 2002 నాటికి ఎంఎంఎస్ వచ్చింది. చాలా నెట్‌వర్కుల్లో దానికి 300 కేబీలే హద్దు. 2009లో వాట్సాప్ పుట్టింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై, ఫోటో పంపడం మాట్లాడినంత తేలికైంది. 2015లో మొదలైన మీషో, గృహిణులు వాట్సాప్‌లో చీరల ఫోటోలు పంపి అమ్ముకునే పద్ధతి మీదే ఎదిగింది. 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ వచ్చింది.

డేటా చవకైనా హద్దులు పోలేదు. సందేశాల వేదిక డిస్కార్డ్ ఉచిత ఖాతాలకు ఒక్కో ఫైలుకు 8 ఎంబీలు ఇచ్చి, 2023లో 25కు పెంచి, 2024లో 10కి దించింది. ఫోటోను నిల్వ చేయడానికీ పంపడానికీ అయ్యే ఖర్చు సంస్థలది కనుక హద్దు గీసేదీ అవే.

గుడ్డకు జరిగే నష్టం

నాలుగు వేల చుక్కల వెడల్పు, మూడు వేల ఎత్తున్న ఫోటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి. వాట్సాప్ మామూలుగా పొడవైన వైపును సుమారు 1600 చుక్కలకు దించుతుంది. అంటే ఆరు చుక్కల్లో ఒక్కటే మిగిలినట్టు. మనిషి ముఖానికి అది చాలు. సన్నని జరీ గీతలకు చాలదు. దగ్గరదగ్గరగా ఉన్న పోగులను ఇంత కుదిస్తే అసలు చీరలో లేని అలలు పుడతాయి.

రంగుకు మరింత అన్యాయం జరుగుతుంది. వెలుగును చూసినంత సూక్ష్మంగా కన్ను రంగును చూడదు కనుక, చాలా జేపెగ్ ఫోటోల్లో నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు విలువ దాస్తారు. ఎర్ర చీరకు సన్నని ఆకుపచ్చ అంచుంటే రెండు రంగులూ ఒకదానిలోకి ఒకటి చిమ్ముతాయి. స్క్రీన్‌షాట్ తీసి, కత్తిరించి మళ్లీ పంపినప్పుడల్లా కొత్త నష్టం పాతదానికి కలుస్తుంది. కెమెరా, తెర కూడా రంగు మారుస్తాయన్నది నిజమే. అయినా ‘ఫోటోలో ఒకటి, మూటలో ఒకటి’ అనే తగాదాలో కుదింపు వాటా కూడా ఉంది, దాని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

తీర్పు మన చేతికి

ఈ చరిత్రంతా చెప్పేదొకటే. కుదింపు ఎప్పుడూ ఏది ముఖ్యం, ఏది కాదు అనే తీర్పు. ఆ తీర్పు మనుషుల ముఖాలు, ప్రకృతి దృశ్యాలు వంటి సాధారణ ఫోటోలను దృష్టిలో పెట్టుకుని రాసుకున్నది. గుడ్డ తెలిసినవాడు దాన్ని మార్చుకోగలడు. చీర మొత్తం కనిపించే ఫోటో ఒకటి, అంచూ నేతా కనిపించేంత దగ్గరగా మరొకటి విడిగా తీయాలి. సైజు తగ్గించవలసి వస్తే ముందు కొలతలు తగ్గించి, ఆ తర్వాతే క్వాలిటీ దించాలి. ఒకే ఫోటోను పదేపదే సేవ్ చేయకుండా అసలు ఫైలు దాచుకోవాలి. వాట్సాప్‌లో 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ ఎంపికను వాడాలి. రంగు మీదే బేరం నిలిచినప్పుడు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపాలి. 2022 నుంచి అలా 2 జీబీల దాకా పంపవచ్చు, ఫైలు తీసినది తీసినట్టే చేరుతుంది.

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వైపు తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా మగ్గాల మీద బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. జకార్డ్ కార్డు నుంచి కమిశెట్టి రామమోహన్ రావు గణితం దాకా సాగిన ఈ కథను తమ సొంత కథగా చదువుకునే హక్కు ఆ పిల్లలకు అందరికన్నా ఎక్కువ. సిరిసిల్లలోనైనా సూరత్‌లోనైనా నేత పిల్లలకు ఈ పాఠం తెలుగులో చెప్పాలి. తాము నేసిన రంగు కొనేవాడి కంటికి ఎలా చేరాలో వారే నిర్ణయించుకోవాలి.