క్యూటీ కథ: లైప్‌జిగ్ బడి నుంచి పటాన్‌చెరు మాత్ర దాకా

1856లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, వినికిడి లేని ఒక బడిపిల్లను అందరి ముందూ మందలిస్తుండగానే ఆమె కుప్పకూలి చనిపోయింది. కబురు విన్న తల్లిదండ్రులు ఆశ్చర్యపోలేదు. అంతకుముందే వాళ్ల బిడ్డలు ఇద్దరు ఇలాగే పోయారు. కారణం చెప్పగల ఈసీజీ అప్పటికి లేదు.

నూరేళ్ల తర్వాత, 1957లో నార్వే వైద్యులు యెర్వెల్, లాంగె నీల్సన్ అలాంటి కుటుంబాన్నే చూశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు, తరచూ స్పృహ తప్పడం. వాళ్లలో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. ఈసీజీలో క్యూటీ వ్యవధి, అంటే గుండె కింది గదులు ముడుచుకుని మళ్లీ తేరుకునే సమయం, బాగా సాగి ఉంది. 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండ్‌లో వార్డ్ ఇదే లోపాన్ని చెవుడు లేని కుటుంబాల్లోనూ గుర్తించారు. ఈ రెండో రకానికి తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లోపపు జన్యువు వస్తే చాలు. చెవుడుతో కూడినదానికి ఇద్దరి నుంచీ రావాలి. మేనరికాలు మామూలైన మన ఇళ్లలో దీన్ని ఎక్కడో చలిదేశాల జబ్బు అనుకోవడం పొరపాటు.

1991లో అమెరికాలో మార్క్ కీటింగ్ బృందం లోపం జాడను 11వ క్రోమోజోమ్‌పై పట్టుకుంది. 1995, 1996ల్లో జన్యువులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటిలో ఒకటి హెర్గ్. గుండె కణంలోంచి పొటాషియం బయటికి పోయే దారిని అది తయారుచేస్తుంది. ఆ దారి సరిగా పనిచేయకపోతే గుండె తేరుకోవడం ఆలస్యమై, లయ తప్పుతుంది.

కథ మన పారిశ్రామికవాడల వైపు తిరిగింది ఇక్కడే. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర అదే దారిని మూసేస్తుందని తేలింది. మామూలుగా కాలేయం దాన్ని వెంటనే ఫెక్సోఫెనడిన్‌గా మార్చేస్తుంది. కీటోకొనజోల్ వంటి మందు తోడైతే ఆ మార్పు ఆగి, టెర్ఫెనడిన్ రక్తంలో పేరుకుంటుంది. అలా గుండె లయ తప్పి కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1998 నాటికి అమెరికాలో దాన్ని ఆపేసి, దాని స్థానంలో ఫెక్సోఫెనడిన్‌ను తెచ్చారు. బొల్లారంలో యూనిట్లున్న డాక్టర్ రెడ్డీస్ 2006లో అదే ఫెక్సోఫెనడిన్ జనరిక్‌ను అమెరికా విపణిలో దించింది. 2005లో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకాల తర్వాత, కొత్త మందును మనుషుల మీద ప్రయోగించే ముందు అది హెర్గ్ దారిని మూసేస్తుందేమో పరీక్షించడం రివాజైంది. పటాన్‌చెరు, పాశమైలారం వాడల్లో మందుల తయారీలో బతికే వేలమందికి ఈ సంగతి తెలియాలని నా కోరిక. బిడ్డల్ని పోగొట్టుకున్న కుటుంబాలు వైద్యానికి చూపిన దారి అది.

మన దగ్గర మాత్రం ఈ లోపంతో పుట్టిన పిల్లల్ని ఇంకా ఫిట్స్ రోగులుగానే చూసే ప్రమాదం ఉంది. వినికిడి లేని బిడ్డ పరుగెత్తుతూనో ఉలిక్కిపడో పడిపోతే, మూర్ఛ మందులు రాసేముందు ఈసీజీ తీసి క్యూటీ కొలవాలి. బీటా బ్లాకర్లు ఈ మరణాలను బాగా తగ్గిస్తాయని 1970ల నుంచే తెలుసు. వాటిలో ప్రొప్రనలాల్ పాత మందు, చవక. ఆ బిడ్డకు జబ్బు తేలితే అమ్మానాన్నలకూ తోబుట్టువులకూ ఈసీజీ తీయాలి. ఏ లక్షణమూ లేకుండా లోపాన్ని మోస్తున్నవాళ్లకు క్యూటీని సాగదీసే మామూలు యాంటీబయాటిక్ కూడా ప్రమాదమే.