వెర్రి యను పేరు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు చరిత్రవిషయ మేదైన వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మహానంది క్షేత్రమాహాత్మ్యమును గూర్చియో, నవనందులను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. అవి పలువురు పెద్దలు వ్రాసినవే. నేను వృత్తిచేత గ్రామపు లెక్కలు వ్రాయువాడను. గురుముఖమున చదివిన పండితుడను గాను. అయినను లెక్కలు వ్రాయువానికి ఒక సంగతి బాగుగా తెలియును. చేనికి పోయి ఆజమాయిషీ చేయక, రైతు నడుగక, చావడిలో కూర్చుండి అడంగలు వ్రాసినచో, జొన్న యున్నచోట బీడును, బీడున్నచోట జొన్నయు కాగితమున నిలుచును. ఒకసారి వ్రాతకెక్కిన తప్పు తరము మారినను పోదు. స్త్రీల మనస్సును గూర్చి మనము తరతరములుగా వ్రాసికొన్న లెక్క యిట్టిదే యని నా నమ్మకము.

“పెండ్లి యైనగాని పిచ్చి కుదురదు, పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు” అను సామెతను మనము ఎటును తేలని చిక్కును చెప్పుటకు నవ్వుచు వాడుదుము. నవ్వు మాట యటుంచి చూచినచో దానిలో ఒక వైద్యమున్నది. పిచ్చికి మందు పెండ్లి! పిల్ల దిగులుగానున్న పెండ్లి చేయుడందురు. పెండ్లియైనను కుదురనిచో బిడ్డ కలిగిన కుదురునందురు. ఇది మన పల్లెవారి మాట మాత్రమే యనుకొనరాదు. ప్రాచీన యవనదేశపు వైద్యులు స్త్రీల మనోవ్యాధులకు గర్భాశయమే మూలమని తలచి, కన్యలకు వివాహమును, గర్భధారణమును చికిత్సగా విధించిరి. గర్భాశయము ఫలింపకున్న దేహమంతట తిరుగాడి బాధించునని ప్లేటో తన టిమేయస్ గ్రంథమున వ్రాసెను. గర్భాశయమునకు గ్రీకు భాషలో గల పేరునుండియే హిస్టీరియా యను రోగనామము పుట్టినది. రెండువేల యేండ్లకు పైబడి స్త్రీల దుఃఖమునకును, కోపమునకును, మూర్ఛకును అంటగట్టబడిన ఆ పేరును అమెరికా మనోవైద్యులు తమ రోగనిర్ణయ గ్రంథమునుండి 1980లో గాని తీసివేయలేదు.

ఇక మన సీమకు వత్తము. మహానందికి కొండనీడ యగు ఈ నల్లమలలోనే, శ్రీశైలమున, 12వ శతాబ్దమున కన్నడదేశమునుండి వచ్చిన అక్కమహాదేవి దేహము చాలించెనని చెప్పుదురు. ఆమె సంసారమును, వస్త్రమును గూడ విడిచి, జుట్టే కప్పుగా కల్యాణమునకు పోగా, అనుభవమంటపమున అల్లమప్రభువు ఆమెను నిలదీసెనని వీరశైవ వాఙ్మయము తెలుపును. ప్రశ్నలు కఠినములే. కాని అడిగినవారు సమాధానమును గూడ వినిరి. ఆమె పలుకులు వచనములై నిలిచినవి.

ఆ భాగ్యము ఆరువందల యేండ్ల తరువాత పుట్టిన తరిగొండ వెంగమాంబకు కలుగలేదు. ఈమె 1730 ప్రాంతమున గుఱ్ఱంకొండకు చేరువనున్న తరిగొండలో జనించెను. తండ్రి కానాల కృష్ణయ్య, నందవరీకులు. ఆ శాఖకు పేరిచ్చిన నందవరము మన బనగానపల్లె చెంతనే యున్నది గనుక, ఈమెను మన ప్రాంతపు ఆడబిడ్డ యనుకొనుట తప్పుగాదు. బాల్యముననే వివాహము, బాల్యముననే వైధవ్యము. తరువాతి కథ ఐతిహ్యముగా మనకు చేరినది. పిల్ల ఆటలు మాని ఒంటరిగా కూర్చుండి పాడుకొనుచుండగా ఊరివారు వెర్రి యనిరి, గాలి సోకినదనిరి. భర్త పోయిన పిదప, తనకు భర్త వేంకటేశ్వరుడే యనియు, బొట్టు తీయననియు, తల గొరిగించుకొననియు పట్టుపట్టెను. పెద్దలు ఒక పీఠాధిపతికి మొరపెట్టుకొనిరి. తరిగొండ నృసింహాలయమున ఆంజనేయవిగ్రహము చాటున ధ్యానము చేయుచుండగా పూజారి జుట్టుపట్టి వెలుపలికి లాగెనందురు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యదేశికులు మాత్రము ఆమెను శిష్యురాలిగా గ్రహించి యోగము బోధించిరి. పిమ్మట ఆమె తిరుమల చేరెను. అచ్చటను పొరుగువారు ఎంగిలి విస్తళ్లు ఆమె ముంగిట వేయగా, తుంబురుకోనకు పోయి కొన్నియేండ్లు తపము చేసెనని ప్రతీతి.

ఈ కథలో మహిమలను భక్తులు భక్తితో చదువుకొందురు గాక. నేను లెక్కకు తీసికొనునది వేరు. ఆమెకు అంటగట్టిన వెర్రికి లక్షణము లేవి? తల గొరిగించుకొననన్నది. బొట్టు తీయనన్నది. ఒంటరిగా కూర్చున్నది. వీనిలో మొదటి రెండు రోగలక్షణములు కావు, ఆజ్ఞను మీరుటలు. మూడవది లక్షణమే యగునెడల మన ఋషులలో ఎవ్వరికి ఆరోగ్యమున్నట్లు?

ఆమెకు ముందు తరములలో మన సీమలో ఏమి జరిగెనో చూడుడు. బనగానపల్లెలో పశువులు కాయుటకు కుదిరిన వీరబ్రహ్మము పని విడిచి రవ్వలకొండ గుహలో ఒంటరిగా కూర్చుండి తాటాకులపై వ్రాసికొనుచుండెనట. ఆయనను వెదకి వచ్చిన యజమానురాలు గరిమిరెడ్డి అచ్చమ్మ గద్దింపలేదు. జ్ఞానియని గుర్తించి ఉపదేశము వేడుకొనెను. కదిరి ప్రాంతపు వేమన దిగంబరుడై తిరిగెనని చెప్పుదురు. ఆయన యోగి వేమనయే. వారి గొప్పతనమును తగ్గించుటకు ఈ మాట వ్రాయలేదు. ఒకే నడత పురుషునియందు యోగమని, స్త్రీయందు రోగమని వ్రాసిన కలమును చూపుటకే వ్రాసితిని.

తనను వెర్రిదన్న ఊరిలో తన పక్షమున వ్రాయువారు లేకపోగా, వెంగమాంబ తానే వ్రాసెను. ఓనమాలు సైతము తనకు గురువులు నేర్పలేదని చెప్పుకొన్న ఆమె వేంకటాచల మాహాత్మ్యమును, వాసిష్ఠ రామాయణమును, ద్విపద భాగవతమును, అష్టాంగయోగసారమును, శతకమును, యక్షగానములను రచించెను. ద్విపదలో ప్రాసను పాదమువెంట పాదము తప్పక నడపుట ఎంతటి మెలకువగల పనియో, వ్రాయబూని విడిచిన నాబోటివారికి తెలియును. 1817లో ఆమె తిరుమలలో పరమపదించెను. ఆమె చూచితినన్న దర్శనములకు నేటి వైద్యగ్రంథములలో పేరు వెదకువారు కొందరున్నారు. అదియు నాకు సమ్మతము గాదు. రెండువందల యేండ్ల క్రిందటి నాడిని ఇప్పటి వైద్యుడు పట్టలేడు.

శాస్త్రములే స్త్రీని వెర్రిదనుమని చెప్పినవా యందురేమో. చరకసంహితను విప్పి చూడుడు. మనస్సు, బుద్ధి, సంజ్ఞ, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిదియు చెదరుటయే ఉన్మాదమని చరకుడు నిర్వచించెను. స్త్రీకొక లక్షణము, పురుషునికొక లక్షణము అక్కడ లేదు. పైగా, తనంతట తాను చెడని మనుష్యుని దేవతలు గాని పిశాచములు గాని రాక్షసులు గాని బాధింపరని ఆయన స్పష్టముగా చెప్పెను. శోకముచేత, భయముచేత కలిగిన ఉన్మాదమునకు ఓదార్పును చికిత్సగా విధించెను. ఆ ఓదార్పు అటకమీదనే యుండెను. చింతబరికె మాత్రము ఆచారమాయెను.

వెర్రి యను పేరుతో ఆస్తికి గల సంబంధమును గూడ లెక్కలవాడనగుటచే చెప్పక తీరదు. యాజ్ఞవల్క్యస్మృతి, దానిపై మితాక్షర, ఉన్మత్తునికి దాయభాగము లేదు, పోషణ మాత్రమే యనును. పురుషునికి గూడ ఇదే విధి. కాని అసలే మనోవర్తితో బ్రదుకు వితంతువుపై ఆ పేరు పడినచో ఆ వర్తిని అడుగు నోరు గూడ పోవును. పిచ్చిదాని మాటను ఏ పంచాయతి వినును? 1928 నాటి చట్టము పుట్టుకనుండి మతిలేని వారినితప్ప ఇతరులను వారసత్వమునుండి తొలగింపరాదనెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఏ రోగముచేతను ఎవ్వరికిని హక్కు పోదని తేల్చెను.

ఇంతవరకు ఆరోగ్యవంతురాలిని వెర్రిదన్న తప్పును చెప్పితిని. దీనికి కవలగా మరియొక తప్పు గలదు: నిజముగా జబ్బుపడిన దానిని జబ్బుగా నెంచకుండుట. ప్రసవించిన వేయిమందిలో ఒకరిద్దరికి, సాధారణముగా మొదటి రెండు వారములలోనే, మతి తీవ్రముగా చెదరును. నిద్రయుండదు, మాట పొంతన తప్పును, ఒక్కొక్కప్పుడు తల్లికి బిడ్డపైననే అనుమానము పుట్టును. మన పల్లెలలో దీనిని బాలింత సన్ని యనిరి, దయ్యము పట్టినదనిరి. ఇంతకంటె నెమ్మదిగా వచ్చు దిగులు మరి యెందరికో కలుగును. ఏడ్చు బాలింతను చూచి, “మేము కనలేదా, మేము పెంచలేదా? వేషము” అను అత్తలు నేటికిని గలరు. ఆ అత్తలు తమ కాలమున ఏడ్చినప్పుడు వారికిని ఆ మాటయే దొరకియుండును. మొదటి వ్యాధి తగిన మందుతో చాలమందికి కుదురునట్టిది. ఆలస్యమైన తల్లికిని బిడ్డకును ప్రాణభయము. పూనకమును గూర్చియు ఒక మాట. ఏడాది పొడవున నోరెత్తని కోడలు జాతరనాడు అమ్మవారు పూని మామను పేరుపెట్టి ప్రశ్నించును. ఇల్లంతయు చేతులు కట్టుకొని వినును. మరునాడు ఆ మాటయే తానై చెప్పిన వినువారెవ్వరు?

రోగిని గొలుసుతో కట్టి దైవమునకు వదలుట ఎట్టి ఫలమునిచ్చునో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి చూపినది. అచ్చట ఒక ప్రైవేటు ఆశ్రయమున నిప్పంటుకొనగా, కట్లు విడిపించుకొనలేక 28 మంది దగ్ధమైరి.

న్యాయస్థానమున గూడ ఈ పేరు ఆయుధమైనది. భార్యకు స్కిజోఫ్రీనియా యను వ్యాధి గలదని చూపి ఒక భర్త విడాకులు కోరగా, రోగము పేరు చెప్పినంతనే చాలదు, అది ఎంత తీవ్రముగా నున్నదో రుజువు కావలెనని 1988లో సుప్రీంకోర్టు చెప్పి ఆ కోరికను త్రోసివేసెను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మూడవ సెక్షనును చదువరులు ఒకసారి చదువుకొనవలెను. సమాజమున చెల్లు నీతికి, ఆచారమునకు, మతవిశ్వాసమునకు ఒకరు ఒదుగలేదన్న కారణముచేత వారికి మనోవ్యాధి గలదని నిర్ణయింపరాదని అందున్నది. తరిగొండ పెద్దలు చేసినది సరిగా అదియే. పూర్వము చికిత్స పొందినంతమాత్రమున ఇప్పుడును రోగియే యనరాదని గూడ అందు గలదు. మూడేండ్లలోపు బిడ్డ గల తల్లిని వైద్యశాలలో చేర్చినప్పుడు బిడ్డను ఊరకే వేరుచేయరాదని ఆ చట్టమే మరియొకచోట చెప్పుచున్నది.

మన ఊరినుండి పోదలచినవారికి కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యవిభాగము గలదు. అంతదూరము పోలేనివారికి 2022 అక్టోబరునుండి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ ఏర్పడినది. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఏ వేళనైన ఖర్చులేకుండ ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. తండ్రియో భర్తయో చేయవలెనన్న నియమము లేదు. బాధపడు ఆమె తానే చేయవచ్చును.