నీలిమందు రైతు, నగరపు చదువరి

1859లో వంగదేశపు రైతులు నీలిమందు సాగు చేయమని తిరుగబడినప్పుడు, ఆంగ్ల దినపత్రికలు తోటల దొరల పక్షమే వహించెను. హరిశ్చంద్ర ముఖర్జీ తన వారపత్రిక ‘హిందూ పేట్రియట్’లో రైతుల గోడును విడువక ప్రకటించుచుండెను. 1860లో ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి సాక్ష్యములు సేకరించెను. అయినను కలకత్తా చదువరుల కంట నీరు పెట్టించినది ఆ సాక్ష్యములు కావు; ఆ యేడే ఢాకాలో వెలువడిన దీనబంధు మిత్రుని నాటకము ‘నీలదర్పణము’.

నాటకమునకు కేంద్రము నిరుపేద రైతు కాదు, మర్యాదస్థుల కుటుంబము. చదువరి అందు తన యింటినే చూచుకొనెను. జాలి పుట్టినది, కాని దొర నెదిరించు తోరాపు వంటివాడున్నను, తనంత తానుగా తిరుగబడిన రైతు ఆ జాలి మాటున మరుగుపడెను. ఈ లోపము చిన్నది కాదు.

ఆంగ్లానువాదమును ప్రకటించినందులకు మిషనరీ జేమ్స్ లాంగుపై 1861లో పరువునష్టపు నేరము మోపబడెను. రెండు దినపత్రికల సంపాదకులు ధనమునకు లోబడిరని ముందుమాటలో ధ్వనించుట అభియోగములలో నొకటి. నెల దినముల చెర, 1000 రూపాయల జరిమానా. ఆ సొమ్మును కాళీప్రసన్న సింహుడు అప్పటికప్పుడే చెల్లించెను.